బోటు గీయించే ముందు గట్టు చూసుకోండి

ప్రశ్న: మాది కోనసీమ. ఇరవై ఏళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం, ప్రస్తుతం మిల్టన్ కీన్స్‌లో అద్దె ఇల్లు. అమ్మాయి యూనివర్సిటీకి వెళ్లిపోయింది. మా వారికి చిన్నప్పటి నుంచీ కాలువలన్నా పడవలన్నా ప్రాణం. మా పొదుపు 1,50,000 పౌండ్లు పెట్టి, మాకు కావలసినట్టు ఒక కొత్త నారోబోటు (ఇక్కడి కాలువల్లో తిరిగే సన్నటి, పొడవాటి పడవ) కట్టించుకుని ఇక అందులోనే ఉండిపోదామని ఆయన పట్టుదల. ఒక బిల్డర్ 70 అడుగుల బోటుకి డ్రాయింగ్ ఇచ్చి 1,35,000 పౌండ్లు అన్నాడు. ఈ నెలాఖరులోగా 40 శాతం అడ్వాన్సు కడితేనే ఆ ధరట. ఆయన వారానికి రెండు రోజులు ఆఫీసుకి వెళ్లాలి. మా అత్తగారు ఏటా వేసవిలో వచ్చి మూడు నాలుగు నెలలు మా దగ్గర ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. రోజూ మన వంటే. మూరింగ్ (బోటు కట్టేసుకునే చోటు) సంగతి బోటు చేతికొచ్చాక చూసుకోవచ్చంటున్నారు మా వారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ముందుకు వెళ్లమంటారా? ఇంకో చిన్న కోరిక కూడా ఉంది: బోటు మీద ‘గౌతమి’ అని తెలుగులో రాయించుకోవచ్చా?

సమాధానం: వెళ్లొచ్చు. ఈ నెలాఖరుకి మాత్రం వద్దు, ఈ బిల్డర్ చెప్పిన పద్ధతిలో అసలే వద్దు. నేనూ గ్రాండ్ యూనియన్ కాలువ మీద బోటులోనే కాపురం ఉంటున్నాను కాబట్టి మీ వారి కోరిక నాకు తెలుసు. మీ టెన్షన్ ఇంకా బాగా తెలుసు.

బోటు కట్టించుకునేవాళ్లు అలమరాల రంగు గురించీ, వంటగది టైల్స్ గురించీ నెలల తరబడి ఆలోచిస్తారు. అవి నాలుగేళ్ల తరవాతైనా మార్చుకోవచ్చు. బోటు పొడవు, రేకు మందం, రేకు లోపల కొట్టే ఫోమ్, ట్యాంకులు, సంతకం పెట్టిన కాంట్రాక్టు... ఇవి ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. మీ ఓపికంతా వీటి మీద పెట్టండి. వీటన్నిటికంటే ముందు తేలాల్సింది బోటు ఏ గట్టున ఉంటుందనేది.

ఇంగ్లండ్, వేల్స్‌లో దాదాపు 2,000 మైళ్ల కాలువలు, నదులు కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చేతిలో ఉన్నాయి. 2012లో బ్రిటిష్ వాటర్‌వేస్ నుంచి ఆ బాధ్యత దీనికి వచ్చింది. ట్రస్ట్ లైసెన్సు ఇవ్వాలంటే బోటు భద్రతకి సంబంధించిన కాగితం, ఇన్సూరెన్స్, హోమ్ మూరింగ్ చూపించాలి. హోమ్ మూరింగ్ అంటే బోటు కట్టుకోవడానికి మీకంటూ ఒక స్థిరమైన చోటు. అది లేకపోతే ‘కంటిన్యువస్ క్రూజర్’ కింద నమోదు కావాలి. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం అలాంటి బోటు ఒకే చోట 14 రోజులకి మించి ఉండకూడదు, లైసెన్సు ఉన్నంత కాలం నిజంగా ప్రయాణిస్తూ ఉండాలి. రెండు వంతెనలు అటు, మళ్లీ రెండు వంతెనలు ఇటు తిరిగితే కుదరదు. ఏడాది మొత్తం మీద తిరిగిన మేర 20 మైళ్ల లోపు ఉంటే దాన్ని ప్రయాణంగా ఒప్పుకోవడం కష్టమని ట్రస్ట్ చెబుతూ వస్తోంది. పైగా 2024 ఏప్రిల్ నుంచి మూరింగ్ లేని బోట్ల లైసెన్సు మీద అదనపు ఫీజు మొదలైంది. అది ఏటా పెరుగుతూ 2028కి 25 శాతానికి చేరేలా నిర్ణయించారు.

ఇప్పుడు మీ వారి ఆఫీసు సంగతి చూడండి. కాలువ మీద వేగ పరిమితి గంటకి 4 మైళ్లు. ఒక్కో లాకు దాటడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. శని, ఆదివారాల్లో బోటు జరుపుకుంటూ పోతే కొన్నాళ్లకి ఆఫీసు ఒక కౌంటీలో, ఇల్లు ఇంకో కౌంటీలో ఉంటాయి. పార్కు చేసిన కారు దగ్గరికి మళ్లీ రైల్లో రావాలి. ఆ తిరుగుడు ఇష్టపడి బతికేవాళ్లు వేలమంది ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. ఆఫీసు ఒకే ఊళ్లో కదలకుండా ఉన్న మీకు అది పొసగదు. కాబట్టి మీకు మూరింగ్ కావాలి, అదీ రెసిడెన్షియల్ మూరింగ్.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మెరీనాల్లో ఉండేవి ఎక్కువగా లీజర్ మూరింగులు. అక్కడ బోటు పెట్టుకోవచ్చు, సెలవుల్లో వచ్చి గడపొచ్చు. శాశ్వత నివాసానికి ప్లానింగ్ పర్మిషన్ ఉండదు కాబట్టి దాన్ని మీ చిరునామాగా వాడుకోనివ్వరు. గుట్టుగా ఉండేవాళ్లు ఉన్నారు గానీ, ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజున ఖాళీ చేసి వెళ్లాల్సింది వాళ్లే. రెసిడెన్షియల్ మూరింగ్‌లో ఉత్తరాలు వస్తాయి, ఓటు, బ్యాంకు, కారు ఇన్సూరెన్స్ అన్నీ మామూలు ఇంట్లో ఉన్నట్టే సాగుతాయి. కౌన్సిల్ టాక్స్ కూడా రావచ్చు. మీ అత్తగారి విజిటర్ వీసా దరఖాస్తులో ఆవిడ ఎక్కడ ఉండబోతున్నారో రాయాలి కదా, అక్కడా ఈ చిరునామా అక్కరకొస్తుంది. (ఇది చదివే మిగతావాళ్లలో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లకి ఒక మాట: మీ నివాస చిరునామా రికార్డు ఉంచడం మీ స్పాన్సర్ బాధ్యత. రెండు వారాలకోసారి మారే గట్టుని ఆ రికార్డులో రాయలేరు. పీఆర్ వచ్చేదాకా ఆగండి.)

రెసిడెన్షియల్ చోట్లు తక్కువ, వాటికి వెయిటింగ్ లిస్టులు ఉంటాయి. దొరికినా ఒప్పందం సాధారణంగా ఏడాదికి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి ఉండే చట్టరక్షణ బోటు వాళ్లకి లేదు, పార్కు హోమ్స్ (స్థలం అద్దెకి తీసుకుని పెట్టుకునే కదిలే ఇళ్లు) వాళ్లని కాపాడే మొబైల్ హోమ్స్ చట్టమూ బోట్లకి వర్తించదు. అందుకని మెరీనా ఆఫీసు మాటతో ఆగకుండా, అక్కడ ఏళ్లుగా ఉంటున్నవాళ్లతో ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడండి. ఫీజు ఏటా ఎంత పెంచారు, శీతాకాలంలో కుళాయిలు గడ్డకడతాయా, రాత్రి పార్కింగ్ నుంచి బోటు దాకా దారిలో దీపాలు ఉన్నాయా, అన్నీ అడగండి. మూరింగ్ ఫీజు బోటు పొడవుని బట్టి ఉంటుంది. మీరు తీసుకోబోయే చోట ఎన్ని అడుగులు పడతాయో తెలియకుండా 70 అడుగుల డ్రాయింగ్ గీయించడం ఎందుకు?

ఇక అడ్వాన్సు. 40 శాతం అంటే 54,000 పౌండ్లు. అది కట్టిన రోజున మీ చేతిలో ఉండేది ఒక డ్రాయింగ్ మాత్రమే. యార్డు, అంటే బోటు కట్టే కంపెనీ, దివాలా తీస్తే మీరు అప్పులవాళ్ల వరసలో చివరికి పోతారు. ఇది ఉత్త భయం కాదు. పేరున్న యార్డులు కూడా మూతపడి, సగం లేచిన బోటు ఎవరిదో తేలక కుటుంబాలు నలిగిపోయిన సందర్భాలు ఈ రంగంలో ఉన్నాయి. క్రెడిట్ కార్డుతో కడితే ఫర్వాలేదని ఎవరైనా అంటే నమ్మకండి. 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలోని సెక్షన్ 75 రక్షణ, ధర 30,000 పౌండ్లు దాటిన వస్తువుకి ఉండదు.

అలాగని బిల్డర్లందరినీ అనుమానించక్కర్లేదు. నికార్సైన బిల్డర్ ఈ షరతులకి నొచ్చుకోడు. బ్రిటిష్ మెరైన్ సంఘం వాళ్ల నమూనా కాంట్రాక్టు ఒకటి ఉంది, దాన్ని ఆధారం చేసుకోమనండి. స్లాటు ఖాయం చేసుకోవడానికి మొదట చిన్న మొత్తం కట్టి, మిగతాది పని కళ్లకి కనిపించాక విడతలుగా ఇవ్వండి: రేకు పని పూర్తయి షెల్ (బోటు డొల్ల) లేచాక కొంత, ఇంజన్ దిగాక కొంత, లోపలి చెక్కపనికి కొంత, నీళ్లలో నడిపి చూసి లోపాలు సరిచేశాక ఆఖరిది. ప్రతి విడతతో అప్పటిదాకా తయారైనది మీ సొత్తు అవుతుందని కాంట్రాక్టులో ఉండాలి. షెల్ మీద, ఇంజన్ మీద మీ బోటు నంబరు వేయించి ఫొటోలు తీసుకోండి. మీరు పెట్టుకున్న సర్వేయర్ (బోటుని పరీక్షించే నిపుణుడు) ఏ దశలోనైనా వచ్చి చూడొచ్చని, యార్డులో ఉండగా ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలో కూడా రాయించండి. ఇళ్లకి ఉన్న ల్యాండ్ రిజిస్ట్రీ లాంటిది కాలువ బోట్లకి లేదు, ట్రస్ట్ ఇచ్చే నంబరు యాజమాన్యానికి రుజువు కాదు. రసీదులు, బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు పత్రం), ఇవే మీ దస్తావేజులు. బోటుతో పాటు 2017 రిక్రియేషనల్ క్రాఫ్ట్ రెగ్యులేషన్స్ ప్రకారం డిక్లరేషన్ ఆఫ్ కన్‌ఫర్మిటీ (బోటు నిబంధనల ప్రకారమే కట్టామనే పత్రం), ఓనర్స్ మాన్యువల్ ఇవ్వాలి. అవి సరిగ్గా ఉంటే మొదటి నాలుగేళ్లు బోట్ సేఫ్టీ పరీక్ష అవసరం పడదు.

ఒక్క ప్రశ్న ఇవాళే మెయిల్లో అడగండి: 1,35,000లో వ్యాట్ కలిసి ఉందా? లేకపోతే 20 శాతం కలిపి 1,62,000 అవుతుంది, మీ పొదుపు దాటిపోతుంది. శాశ్వత నివాసం కాబట్టి వ్యాట్ పడదని ఎవరైనా అంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి. సున్నా వ్యాట్ ఉన్నది సొంత ఇంజన్‌తో కదలని హౌస్‌బోట్లకి, లేదా 15 టన్నుల గ్రాస్ టన్నేజీ దాటి విహారానికి ఉద్దేశించని ఓడలకి. మామూలు నారోబోటు ఈ రెంటిలో దేని కిందకీ రాదు.

పొడవు విషయంలో నా సలహా 57 అడుగులు. మీ వారు గోదావరి డెల్టా లాకులు చూసి పెరిగిన మనిషి, కారణం చెబితే వెంటనే పట్టుకుంటారు. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ లాకుల్ని ఏడడుగుల వెడల్పున, 72 అడుగుల పొడవున నిర్ణయించాడు. ఇవాళ్టి నారోబోటు వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు ఉండటానికి మూలం అదే. ఉత్తరాన యార్క్‌షైర్ వైపు పాత కాలువల లాకులు వేరే కొలతవి. లీడ్స్ అండ్ లివర్‌పూల్ లాకులు 62 అడుగులు, కాల్డర్ అండ్ హెబుల్‌లో 57 అడుగులు దాటితే ఇబ్బందే. 57 అడుగుల బోటుతో దేశంలో దాదాపు ప్రతి కాలువకీ వెళ్లొచ్చు. 70 అడుగులది, బోటు తిప్పుకోవడానికి కాలువని వెడల్పు చేసిన కొన్ని చోట్ల వెనక్కి తిప్పడమే కుదరదు, మూరింగూ లైసెన్సూ రెండూ ఎక్కువే. తిరగాలనే కదా ఆయన తపన! రేపు అమ్మాల్సి వచ్చినా 57 తేలిగ్గా పోతుంది. వైడ్‌బీమ్ (ఇంకా వెడల్పుగా ఉండే బోటు) గురించి ఎవరైనా ఊరిస్తారు. లోపల విశాలంగానే ఉంటుంది గానీ మధ్య ఇంగ్లండ్ సన్న కాలువల్లోకి అది దూరదు.

లోపల చోటు ఎంతో తెలుసుకోవడానికి ఒక పని చేయండి. ఖాళీ కార్ పార్కులో సుద్దముక్కతో 40 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గీత గీసి, మీరిద్దరూ అందులో నిలబడండి. ముందు డెక్కు, వెనక ఇంజన్ పోగా 57 అడుగుల బోటులో మీ కాపురానికి మిగిలేది సుమారు అంతే. ఇప్పుడు అక్కడే మీ ఆరు కుర్చీల డైనింగ్ టేబులు, రెండు బీరువాలు, బియ్యం బస్తా ఎక్కడ పెడతారో చెప్పమనండి ఆయన్ని.

రేకు సంగతి క్లుప్తంగా: అడుగు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైకప్పు 4. ఇది మామూలు ప్రమాణం, తగ్గనివ్వకండి. లోపల స్ప్రే ఫోమ్ కొట్టించండి, థర్మోకోల్ పలకలు పెట్టి సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. ఫోమ్ మందం ఎంతో కాంట్రాక్టులో అంకె వేయించండి.

ఎందుకంత పట్టుబడుతున్నానంటే, మన వంట వల్ల. జనవరిలో బయట సున్నా డిగ్రీలు, లోపల పప్పు ఉడుకుతోంది, పక్క పొయ్యి మీద అన్నం. ఆ ఆవిరి చల్లటి లోహం దొరికిన ప్రతిచోటా నీటిబొట్టుగా మారుతుంది: కిటికీ ఫ్రేము మీద, మంచం వెనక, బట్టల అలమరా లోపలి మూలలో. నెల తిరిగేసరికి చీరల మడతల్లో బూజు వాసన. దీనికి మందు డబ్బు పెట్టి కొనే డీహ్యుమిడిఫయరు ఒక్కటే కాదు. పొయ్యి మీద బయటికి ఊదే ఫ్యాను, థర్మల్ బ్రేక్ (ఫ్రేము లోహం గుండా చలి లోపలికి పాకకుండా అడ్డు) ఉన్న డబుల్ గ్లేజింగ్ కిటికీలు, పరుపు కింద గాలి ఆడేలా చెక్కబద్దలు, ఇవన్నీ డ్రాయింగ్‌లోనే ఉండాలి. పైకప్పుకి నూనె పెట్టిన ఓక్ చెక్క అందంగా ఉంటుంది, కానీ పోపు జిడ్డు దాని రంధ్రాల్లోకి దిగితే పోదు. వంటగది మీద వరకైనా తుడుచుకునే పెయింటు వేయించండి. గాలి కోసం పెట్టిన వెంట్లని చలికి గుడ్డలు కుక్కి మూయొద్దు. బొగ్గు పొయ్యి ఉన్న బోటులో అది ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. బోటు గ్యాసు గాలికంటే బరువు, లీకైతే అడుగుకి చేరి అక్కడే నిలుస్తుంది. అందుకని దేవుడి దీపాన్ని నేలకి దగ్గరగా కాకుండా ఎత్తులో, సిలిండర్ పెట్టెకి దూరంగా అమర్చుకోండి.

టాయిలెట్ గురించి మీరు అడగలేదు, నేను చెప్పక తప్పదు. బోట్లలో మూడు రకాలు ఉంటాయి. ఈ మధ్య అందరూ మెచ్చుకునేది మలమూత్రాల్ని వేరు చేసే పొడి టాయిలెట్. నీళ్లు వాడే మన అలవాటుకి అది పనికిరాదు, తడిస్తే దాని పద్ధతే చెడిపోతుంది. క్యాసెట్ రకంలో డబ్బా 20 లీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. మీ ముగ్గురూ చెంబు వాడితే దాదాపు రోజుకోసారి మోసుకెళ్లి పారబోయాలి. మీకు పెద్ద ట్యాంకున్న పంప్-అవుట్ (నిండాక పంపుతో తోడించేసే రకం) మంచిది. మూరింగ్ చూసేటప్పుడు అక్కడే పంప్-అవుట్ సదుపాయం ఉందేమో కనుక్కోండి. ఒక ఖాళీ క్యాసెట్ టాయిలెట్ కూడా దగ్గర ఉంచుకోండి, కాలువ గడ్డకట్టి కదల్లేని వారంలో అదే దిక్కు. మంచినీళ్ల ట్యాంకు ఎంత పెద్దది పడితే అంత పెట్టించండి.

అత్తగారి కోసం: క్రూజర్ స్టెర్న్ (బోటు వెనక ఉండే పెద్ద డెక్కు) నుంచి లోపలికి దిగే మెట్లు చాలావరకు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. ఆవిడ ముందు డెక్కు నుంచి వచ్చేలా, అక్కడ తక్కువ ఎత్తున్న వెడల్పు మెట్లు, రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించండి. గట్టు మీంచి డెక్కు మీదికి కాలు వేసేటప్పుడు బోటు కొంచెం ఒరుగుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి భయం వేసేది ఆ ఒక్క క్షణమే, కాబట్టి స్థిరమైన పాంటూన్ (బోటు పక్కన నీళ్ల మీద ఉండే నడకవేదిక) ఉన్న మూరింగ్ ఎంచుకోండి. ఆవిడ పడక ముందు హాల్లో, మీ గది వెనక, మధ్యలో బాత్రూము. ఆ బాత్రూము నడిచి దాటే రకం కాకుండా పక్కన నడవా వదిలి కట్టించండి. లేకపోతే ఒకరు స్నానం చేస్తున్నంతసేపూ బోటు రెండు ముక్కలైనట్టే.

కరెంటు పెద్ద సమస్య కాదు, మూరింగ్‌లో ప్లగ్ ఉంటుంది. దానికి గాల్వనిక్ ఐసొలేటర్ మాత్రం తప్పక పెట్టించండి, లేకపోతే పక్క బోట్లతో కలిసిన సర్క్యూట్లో మీ రేకు తినేసుకుపోతుంది. మిక్సీ, గ్రైండరు నడవడానికి ఇంటి కరెంటు లాంటి కరెంటు ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు కావాలి. ప్రయాణంలో దారిలో గట్టున ఆగినప్పుడు రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా పక్క బోట్లవాళ్లకి ఇబ్బంది కలిగేలా ఇంజన్ వేయకూడదు, కాబట్టి బ్యాటరీలు లిథియంవి తీసుకోండి. డిసెంబరులో సోలార్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఖర్చు విషయం దాపరికం లేకుండా చెప్పాలి. లైసెన్సు, మూరింగ్, ఇన్సూరెన్స్, డీజిలు, బొగ్గు ఉంటాయి. రెండు మూడేళ్లకోసారి బోటుని నీళ్లలోంచి పైకి తీసి అడుగుకి తారు పూయించాలి. ఇవన్నీ కలిపినా మిల్టన్ కీన్స్ అద్దెకంటే తక్కువే కావచ్చు. కానీ ఇల్లు కొన్నట్టు కాదు ఇది. బోటు కింద నేల మీది కాదు, బోటు విలువ ఏడాదికేడాది తగ్గుతుంది. పొదుపంతా ఇందులో పోయకండి, అమ్మాయి చదువు ఇంకా నడుస్తోంది. 1,10,000 దాటకుండా ఆగి, మిగతాది బ్యాంకులో ఉంచండి. ఆ డబ్బుకి మీరు కోరిన కొత్త బోటు రాకపోతే, మంచి సర్వేతో నాలుగైదేళ్ల పాత 57 అడుగుల బోటు కొనుక్కోవడం నా దృష్టిలో ఇంకా మంచి పని.

అడ్వాన్సుకి ముందు ఈ ఫిబ్రవరిలో ఒక వారం బోటు అద్దెకి తీసుకోండి. శీతాకాలంలోనూ ఇచ్చేవాళ్లు కొందరు ఉన్నారు. ఆ వారం బయట తినకుండా మీ వంట మీరే చేసుకోండి, ఆయన్ని అక్కడి నుంచే ఆఫీసుకి వెళ్లమనండి. మే నెలాఖరులో నార్తాంప్టన్‌షైర్‌లోని క్రిక్‌లో బోట్ షో జరుగుతుంది, మీకు దగ్గరే. ఒకే రోజు చాలామంది బిల్డర్ల బోట్లు ఎక్కి చూడొచ్చు. అలమరాల వెనక, మంచాల కింద చూడండి, వైర్లు వరసగా లేబుళ్లతో ఉన్నాయా లేదా అని. బిల్డర్ చెయ్యి ఎలాంటిదో అక్కడ తెలుస్తుంది.

‘గౌతమి’ అని తెలుగులో నిక్షేపంగా రాయించుకోవచ్చు. ట్రస్ట్ ఇచ్చిన నంబరు బయటికి కనిపించాలి, పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా పక్కన ఉంటే లాకుల దగ్గరా, ఎమర్జెన్సీ ఫోన్లలోనూ ఇబ్బంది ఉండదు. కాలువ బోట్ల మీద చేత్తో రాసే పెయింటర్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి మన లిపి తెలియదు కాబట్టి ఫోన్లో ఫొటో పంపి వదిలేయకండి. బోటు మీద ఎంత ఉండాలో అంత సైజులోనే కాగితం మీద అచ్చు తీసి ఇవ్వండి. ‘గౌ’ ఔత్వం మలుపు, ‘మి’ గుడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. రాసే రోజున మీరో మీ వారో పక్కనే ఉండండి.